మూతమీది కొంగలు

పారిస్‌లో నస్యం డబ్బాలు చేసే కంసాలి ఆంబ్రువాజ్, ఒక బంగారు డబ్బాని తెచ్చి భార్య ముందు ఠపీమని పెట్టాడు. కీలు బాగుచేయమని ఎవరో దొరసాని పంపిన డబ్బా అది. మూతమీద రెల్లుపొదలో రెండు కొంగలు. అతను కొత్తగా కాగితం మీద గీసిన బొమ్మ అచ్చం అదే.

"నా బొమ్మలకి రంగులు వేసేది నువ్వొక్కదానివే, పెరీన్. ఎవడికి అమ్ముకున్నావు?"

"ముందు కూర్చోండి."

"బల్లమీద కాగితాలు కూడా మాయమవుతున్నాయి. ఇంటిదొంగని దేవుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను!"

పెరీన్ మూత తెరిచి, భూతద్దం అతని చేతికిచ్చింది. లోపల చిన్న ముద్ర ఉంది. అది అతని ముద్రే.

"మన పెళ్లయిన ఏడాది మీరు చేసిన డబ్బా ఇది. ఈమధ్య రోజూ ఆ కొంగల్నే కొత్త బొమ్మనుకుని గీస్తున్నారు. కొనేవాళ్లు చూసి నవ్వుకుంటారని, ఆ కాగితాలు నేనే తీసి దాస్తున్నాను."

ఆంబ్రువాజ్ కుర్చీలో కూలబడ్డాడు.

"మరి నాకు ముందే చెప్పొచ్చుగా?"

"చెప్పానండీ. నిన్న కూడా మీరు ఇలాగే అరిచి, ఇలాగే కూలబడి, ఇదే మాట అడిగారు."