పొయ్యికి నా చేయి తెలియదు

ప్రతి వంటింట్లోనూ ప్రభుత్వం బిగించిన వాటాపెట్టె ఇంటిపనిని ఆడా మగా తేడా లేకుండా పంచుతోంది. వంతు ఎవరిదో వాళ్ల చేయి తగిలితేనే పొయ్యి వెలుగుతుంది. డెబ్బై దాటిన నాలాంటివాళ్లకు దయతో మినహాయింపు ఇచ్చారు; అంటే మా చేతికి పొయ్యి వెలగదు. భార్య పోయాక వంటతోనే పొద్దు గడుపుకునే నాకు ఆ దయ భరించడం కష్టమైంది.

ఆదివారం వంతు అల్లుడిది. అతని రైలు ఎక్కడో ఆగిపోయింది. పెసరపిండి రుబ్బి సిద్ధంగా ఉంది, పొయ్యి మాత్రం వెలగలేదు.

ఇంట్లో ఉన్న ఆడవాళ్లిద్దరూ స్త్రీవాదులే. నా కూతురు హైమకు న్యాయమైన చట్టం కావాలి. నా మరదలు శకుంతలకు చట్టమే వద్దు.

"మీ పేరు చేర్చమని అర్జీ పెడతాను నాన్నా," అంది హైమ.

"వండుకోవడానికి అర్జీ ఏమిటే? నిన్న మొగుడు, ఇవాళ డబ్బా. పెత్తనం పెత్తనమే!" అంటూ శకుంతల పెట్టె తీగ లాగేసింది.

పొయ్యి నాకూ వెలిగింది. మొదటి పెసరట్టు చిరిగింది. నేను నొచ్చుకోకూడదని కాబోలు, ఇద్దరూ దానికోసమే పోట్లాడుకున్నారు.

తిన్నాక హైమ, "పిన్నీ, నీ రాజ్యంలో గిన్నెలెవరు తోముతారు?" అంది.

"రాజ్యమే లేదంటుంటే! తోచినవాళ్లు తోముతారు."

ముగ్గురం సింకు వైపు చాలాసేపు చూశాం. ఎవరికీ తోచలేదు.

చివరికి శకుంతల గొంతు తగ్గించి, "పోనీ, ఎవరు తోమాలో ఓటు వేద్దామా?" అంది.

"అది మా పద్ధతి పిన్నీ!"

రెండు ఓట్లతో శకుంతలే నెగ్గింది. గొణుక్కుంటూ లేచి, తుడిచే గుడ్డ నా భుజాన వేసి, "రండి బావా, ఊరికే కూర్చుంటారేం?" అంది.

నన్ను ఎవరైనా అలా కసిరి ఎన్నాళ్లయిందో! గబగబా లేచాను.