అంచు మీది పసుపు

"దీనికి సాన పట్టొద్దన్నా."

ఆదోనిలో పత్తి నుంచి గింజ వేరుచేసే జిన్నింగ్ మిల్లులో ఫిట్టరు గోవిందన్న నవ్వాడు.

"సాన పట్టనిది కూడా కత్తేనా పాపా?"

ఆ అమ్మాయి పేరు అరుణ. బెంగళూరులో ఏదో పరిశోధనశాలలో పని. పాత చీరగుడ్డలో చుట్టి తెచ్చిన జిన్ను కత్తిని బల్ల మీద పెట్టింది. అంచు నుంచి బోల్టు రంధ్రం దాకా పచ్చగా మెరుస్తోంది.

"ఏం పూసినావు, పసుపా?"

"పూసింది కాదన్నా. గాలి తీసేసిన పెట్టెలో అయాన్ల ధారతో అణువణువూ కొట్టి అతికించిన గట్టి పొర. వెంట్రుక మందంలో యాభయ్యో వంతు. ఆకురాయి పెట్టి గీసి చూడు."

గోవిందన్న గీశాడు. గాజు మీద జారినట్టు జారింది. గీత పడలేదు.

"ఇంత గట్టిదాన్ని సాన ఏం చేస్తాదిలే!"

"సానరాయి దీనికన్నా గట్టిది. పొర పోతే ఇంగేం మిగల్దు. మూడు నెలలు మొండి కాకుండా ఆడితే మిల్లులన్నిటికీ చేసిస్తామన్నారు మావాళ్లు. లేకుంటే ఈ పనే ఆపేస్తారు."

"ఎందుకమ్మా నీకింత తిప్పలు?"

"కత్తి మొండిదైతే దూది చిక్కుకుంటాది. తీసేదానికి ఆడోళ్లు చెయ్యి పెడతారు."

గోవిందన్న నవ్వు ఆగిపోయింది.

ఇరవై ఏళ్ల కింద ఈ మిల్లులోనే కూలి చేసే ఉచ్చీరమ్మ అట్లాగే చెయ్యి పెట్టింది. కుడిచేతి నాలుగు వేళ్లు పోయాయి. మళ్లీ మిల్లు గడప తొక్కలేదు.

ఆ పొద్దున ఆమె "కత్తి మొండిదైందన్నా" అంటే, "రేపు సాన పడదాంలే" అన్నది గోవిందన్నే.

అప్పటినుంచి సాన పట్టి కుంకుమ పెట్టనిదే ఏ కత్తినీ అతను మిషనుకు బిగించలేదు.

అరుణ అటు పోగానే గోవిందన్న చేతులు ఊరుకోలేదు. సానరాయి తిరిగింది. నిప్పురవ్వలు లేచాయి. అంచున పసుపు పోయి తెల్లటి ఉక్కు తేలింది.

"ఇప్పుడు కత్తి," అనుకున్నాడు.

నెల తిరక్కుండానే మొండిదైంది. అరుణ వచ్చి అంచు తడిమింది.

"సాన పట్టినావా అన్నా?"

పక్కనే మిల్లు యజమాని సేటు నిలబడి ఉన్నాడు.

"లేదు పాపా."

"అయితే పూత సరిగా అతుక్కోలేదు. తప్పు నాదే." కాగితం మీద ఏదో రాసుకుంది. "ఆరేళ్ల పని. పోనీలే. నీకు శ్రమ ఇచ్చినా, ఏమనుకోవద్దన్నా."

గోవిందన్న కళ్లు కత్తి మీదే ఉన్నాయి. బోల్టు రంధ్రం చుట్టూ, సాన తగలని చోట, పసుపు చెక్కుచెదరలేదు.

"మీదేవూరు పాపా?" చెప్పాలనుకున్నది అది కాదు.

"ఎమ్మిగనూరు. మాయమ్మ గేటు కాడ ఆటోలో కాచుకోనుంది. వస్తానన్నా."

కత్తిని మళ్లీ చీరగుడ్డలో చుట్టుకుని వెళ్లిపోయింది.

నిజం చెప్పేద్దామని గోవిందన్న వెనకే పరుగెత్తాడు. గేటు చేరేసరికి ఆటో కదిలింది.

లోపల కూతురి ఒడిలోని మూటను ఒక ముసలామె తన ఒళ్లోకి తీసుకుంటోంది; మూట కిందికి చాపిన ఆ కుడిచేతికి బొటనవేలు ఒక్కటే ఉంది.