పదిహేడో మనిషి

“అయ్యవారూ, ఒక్క లెక్క చేసిపెట్టండి.”

అవనిగడ్డ బడి గుమ్మంలో ఎవరో మనిషి. ఉప్పునీటికి చివికిన తలగుడ్డ. బీజగణితం చెప్పే జగన్నాథం పంతులు విసుగ్గా చూశాడు. గంట కొట్టే వేళ.

“నీకు లెక్కలెందుకోయ్?”

“అమాసనాడు లంక రేవులో పడవ మునిగిందండి. మనుషులెక్కువై మునిగిందో, గాలికి మునిగిందో తెలవాలండి.”

“గాలికి లెక్క లేదు. బరువు చెప్పు.”

“నూరు మణుగులు మోసే పడవండి. ఇరవై మణుగుల వడ్లున్నాయి. పడవవాడితో కలిపి పదిహేడు తలకాయలు.”

పంతులు నల్లబల్లకేసి తిరిగాడు.

“మనిషికి అయిదు మణుగులు. ఎందరు ఎక్కొచ్చో తెలీదు కనక ‘క్ష’ అందాం. అయిదు క్షలూ ఇరవయ్యీ కలిపి నూరు మించరాదు. ఇరవై తీసేస్తే ఎనభై. అందులో అయిదో వంతు పదహారు. క్ష పదహారు మించరాదు.”

“మరి పదిహేడోది?”

“ఆ ఒక్కరే ముంచారు.”

“అందులో ఇద్దరు చంటిపిల్లలండి.”

“తల అంటే తలే. క్షలో చంటిపిల్లలుండరు.”

బడి పిల్లలు కిసుక్కుమన్నారు.

“ఆఖర్న ఒకామె ఒడ్డునుంచి కేకేసిందండి. ఎక్కించుకోకపోతే...”

“అందరూ బతికేవాళ్లు. ఎక్కించినవాడికి బుద్ధుండొద్దూ!”

ఆ మనిషి బల్లకేసి చూశాడు. చదువు రాదు. అయినా చాలాసేపు చూశాడు.

“అంతేనండి,” అని దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

ఆదివారం పంతులు చంటి మనవడికి మొక్కు. పిల్లాడి ఎత్తు బెల్లం తూచి పంచాలి. తక్కెడలో ఒకవైపు పిల్లాణ్ణి కూర్చోబెట్టి, రెండోవైపు మణుగు బెల్లం పెట్టారు. పిల్లాడు గాల్లోకి లేచాడు.

“మణుగైనా తూగలేదండీ వెధవ!” పంతులు భార్య భ్రమరాంబ నవ్వింది.

పంతులు వేళ్లు మడిచి లెక్క వేశాడు.

పెద్దవాళ్లు పదిహేనుమంది, డెబ్బయి అయిదు. చంటిపిల్లలిద్దరూ కలిసి రెండు. వడ్లు ఇరవై. తొంభై ఏడు.

నూరు మించలేదు.

చేతులకంటిన బెల్లం జిగురైనా కడుక్కోకుండా రేవుకి నడిచాడు. ఆ మనిషి పేరు అడగనే లేదు. ఆనవాళ్లు చెబితే, చేపల బుట్ట దించుకుంటున్న పాపాయమ్మ పోల్చుకుంది.

“మా నాంచారయ్యండి. శుక్రవారం బడికాడికి వెళ్లొచ్చాడు. శనివారం తెల్లారి మా దోనె అడిగి పట్టుకెళ్లాడు. దోనె ఒక్కటే కొట్టుకొచ్చిందండి.”

పంతులు ఇసకలో కూలబడ్డాడు.

“లెక్క తప్పు చెప్పానమ్మా. ఆ పదిహేడో ఆమె వల్ల మునగలేదు. గాలికే.”

పాపాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఆ మాట ఆడితో అనుంటే బాగుండేదండి. పడవ నడిపింది ఆడే. ఆఖర్న చెయ్యందించి ఎక్కించుకుంది ఆడి పెళ్లాన్నేనండి.”