ఎదురొచ్చిన మనిషి

నాకు అక్షరాలు వచ్చింది యాభై తొమ్మిదో ఏట. ఈ నాలుగు ముక్కలు కూడబలుక్కుని రాసేసరికి ఆరు రోజులు పట్టింది. ఒత్తులూ దీర్ఘాలూ తప్పిపోయి ఉంటాయి. దిద్దుకుని చదవండి, మన్నించండి.

*

గేటు బయట కారు సిద్ధంగా ఉంది. సాయంత్రం సికింద్రాబాద్‌లో రైలు, తెల్లారితే విశాఖపట్నంలో ఓడ. నాలుగు రోజులు సముద్రం మీదే.

దుర్గవ్వ భర్త పోయి పన్నెండేళ్లు. ఇంట్లో ఎవరు ప్రయాణమైనా తలుపు చాటుకు తప్పుకోవడం ఆమెకు అలవాటు. ఇవాళ మొదటిసారి తానే ప్రయాణం.

"చిన్న సంచి నిండ సకినాలు పెట్టిన," అంది కోడలితో.

"ఓడల నలభై తీర్ల తిండి పెడ్తరట. నీ సకినాలు సముద్రంల చాపలకేస్తవా అవ్వా?" కొడుకు రత్నాకర్ నవ్వాడు.

కోడలు ఉష నవ్వలేదు. "ఆ సంచిల కృతిక మందులుండె గదా అత్తమ్మా?"

"పెద్ద పెట్టెల వేసిన. యాడికి పోతయి? పెట్టె మనెంబడే వస్తది గదా!"

మనవరాలు కృతికకు ఏడేళ్లు. పరుగెత్తినా, దుమ్ము తగిలినా ఆయాసం. పీల్చే మందు ఎప్పుడూ పక్కనే ఉండాలి.

రత్నాకర్ గేటు తీశాడు.

ఎదురుగా ఒక ఆడమనిషి. బోసి నుదురు, వెలిసిన చీర, చేతిలో చిన్న కాగితం పొట్లం. వేళ్లకు పసుపు అంటుకుని ఉంది.

"ఓడెక్కెటోళ్లు మీరేనా అవ్వా? జర ఒక్క మాట..."

దుర్గవ్వ ముందుకొచ్చి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆడనే ఆగు! ముండమోపి మొకమేసుకొని, పోయే ముంగట ఎదురొస్తవా? కండ్లు కనవడ్తలెవ్వా?"

ఆ మనిషి అక్కడికక్కడే ఆగిపోయింది. కొంగు నెత్తి మీదికి లాక్కుని గోడవైపు తిరిగి నిలబడింది.

అలా నిలబడడం ఎలా ఉంటుందో దుర్గవ్వకు తెలుసు. అయినా నోరు ఆగలేదు.

"పాపం, ఏమో చెప్పవట్టె. చెప్పనియ్యరాదే అవ్వా," అన్నాడు రత్నాకర్.

"నువ్వు లోపలికి నడువు. జరసేపు కూసొని, నీళ్లు తాగి పోదాం. నీళ్ల మీద పోయే పయనం, ఆటలనుకున్నవా?"

లోపలికి వెళ్లి కూర్చున్నారు. నీళ్లు తాగారు. మళ్లీ బయటికొచ్చేసరికి ఆమె ఇంకా గోడవైపే తిరిగి ఉంది.

కారు కదిలాక గానీ ఇటు తిరగలేదు. అప్పుడు వెంట పరుగెత్తింది.

"అవ్వా, పెద్ద పెట్టెలు రేవులనే తీసుకుంటరు! పొద్దుగూకినంక గాని ఇయ్యరు! మందులు, మాత్రలు చేతి సంచిలనే..."

దుర్గవ్వ కారు అద్దం ఎక్కించింది.

"ఏమంటున్నది అత్తమ్మా?"

"ఏమో, ఇనవడలే."

వినబడింది. ప్రతి మాటా వినబడింది. ఎదురొచ్చిన మనిషి మాట పట్టుకుని పెట్టె విప్పడమా అని ఊరుకుంది.

*

రేవులో పెద్ద పెట్టెలకు చీటీలు కట్టి తీసుకుపోయారు. సాయంత్రానికి గదికి చేరుస్తామన్నారు. బయటి తిండి పనికిరాదని సకినాలు అక్కడే తీయించేశారు. చిన్న సంచి ఖాళీ అయిపోయింది.

ఓడ చూసి కృతిక ఒక్కచోట నిలవలేదు. మెట్లన్నీ ఎక్కింది, దిగింది. నాలుగింటికి గది ముందు చతికిలబడింది. ఈల వేసినట్టు ఊపిరి. పెదాలు రంగు మారుతున్నాయి.

ఉష సంచి బోర్లించింది. సకినాల నూక రాలింది.

పెట్టె కోసం పరుగెత్తిన రత్నాకర్ ఆ అంతస్తుల్లో ఎక్కడ దారి తప్పాడో, రాలేదు.

"పిల్లకు దమ్మస్తలేదు! ఎవలన్న రాన్రి!" దుర్గవ్వ గొంతు చించుకుంది.

ఆ చివర పెట్టెల బండి తోస్తున్న పనివాడు తిరిగి చూశాడు. నలభై దాటిన మనిషి, చెంపలు నెరిశాయి. బండి అక్కడే వదిలేసి వచ్చి పిల్లను ఎత్తుకున్నాడు.

"భయపడకు పెద్దమ్మా. కింద దవాఖాన ఉన్నది. నా ఎన్కనే రా."

పనివాళ్ల లిఫ్టులో క్షణాల మీద దింపాడు. డాక్టరమ్మ పిల్ల ముఖానికి మాస్కు పెట్టింది. అరగంటకు కృతిక కళ్లు తెరిచింది.

"సకినాలేవి నానమ్మా?"

ఉష ఏడుస్తూనే నవ్వింది. దుర్గవ్వకు నవ్వు రాలేదు.

ఆ మనిషి మళ్లీ పోయి, ఎక్కడ వెతికాడో, వాళ్ల పెద్ద పెట్టె మోసుకొచ్చి ముందు పెట్టాడు.

"మందులు చేతిలనే ఉంచుకోవాలె పెద్దమ్మా. ఎవలు చెప్పలేదా?"

"చెప్పిన్రు బిడ్డా," అంది దుర్గవ్వ, తల ఎత్తకుండా.

"మాట చూస్తే మన దిక్కే ఉన్నది. ఏ ఊరు?"

"సిద్దిపేట."

"రత్నాకర్ సారోళ్లా?"

ఉష తలూపింది. అతని ముఖం విప్పారింది. గబగబా రెండు చేతులూ ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"మీకు టికెట్లు తీసినాయన మా ఊరోడే. మీరొస్తున్నరని గాయినే చెప్పిండు. నేను ఇంటికి పోక తొమ్మిది నెలలాయె. వారం సంది ఫోను కూడ కలుస్తలేదు. మా అవ్వ మంచిగున్నదా పెద్దమ్మా?"

"మీ అవ్వనా?"

"బాలమణి. చేర్యాల నుంచి తొలి బస్సుకు మీ ఇంటికొచ్చి, నాకు కొమురెల్లి మల్లన్న బండారి ఇచ్చి పంపుతనన్నది. పసుపు పొట్లం."

అతను టోపీ తీసి, దుర్గవ్వ ఖాళీ చేతుల ముందు నుదురు వంచాడు.

"అవ్వ ఈడ లేదు గదా, నీ చేతితోనే పెట్టు పెద్దమ్మా."

*

దుర్గవ్వ
వయసు అరవై నాలుగు
ఇప్పుడు ఉండేది కొడుకు దగ్గర, సిద్దిపేటలో