రెండాకుల మొలక

నేనెప్పుడూ ఏదీ రాసినదాన్ని కాను, తప్పులుంటే సర్దుకోండి.

ఒక దొడ్లో కోడి ఉండేది. దాని పిల్లల్లో ఒకదాన్ని గద్ద తన్నుకుపోయింది. జెముడు డొంకుంటే మిగతావి ముళ్ల కింద దాక్కుంటాయని కోడి ఆశ. వాన పడ్డాక గోడవార రెండాకుల మొలకొకటి లేచింది. అది జెముడో, ఉత్త కలుపో తెలియక కోడి మేకనడిగింది. మొక్కల సంగతి మేకకే తెలుసని దొడ్లో అంటారు.

"నమిలితేగానీ చెప్పలేను వదినా. మొన్న ఇంకో మొలకని నమిలాకేగా అది వంగ అని తేల్చాను," అంది మేక.

"ఆ వంగ ఇప్పుడేది?"

"నువ్వు పేరడిగావు గానీ మొక్కనడిగావా?"

కోడి మొలకకి అడ్డంగా వచ్చి నిలబడింది.

"గుడ్డులో పుంజుందో పెట్టుందో పగలగొట్టి చూస్తామా వదినా? ఆగుతాం."

మర్నాడు పొద్దున్నే కట్టు విప్పగానే మేక గోడ దగ్గరికొచ్చింది. అప్పటికే కోడి మొలకను రొమ్ము కింద పెట్టుకుని పొదగడానికి కూర్చుంది. ముక్కు మాత్రం మేక వైపుకి పెట్టింది.