తలుపవతల చలి

భర్త పోయాక ఆ దర్జీ ఆవిడకు దెయ్యాల సీరియల్ ఒంటరిగా చూసే ధైర్యం లేకపోయింది. అందుకే ఆడపడుచుకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టుకుని చూసేది. ఎవరి టీవీ వాళ్లదే, కబుర్లు మాత్రం కలిపి.

ఆ రాత్రి సీరియల్లో చనిపోయిన మొగుడు వచ్చి తలుపు కొట్టాడు. భార్య తీయలేదు. ఎపిసోడ్ అక్కడితో అయిపోయింది.

"ఎంత రాతిగుండె వదినా దానిది," అంది ఆడపడుచు.

"మంచి పని చేసింది. పోయినవాళ్లు పోయినట్టే ఉండాలి," అంటూ ఈమె టీవీ కట్టేసింది. 

ఇల్లంతా సద్దుమణిగింది. ఫోన్‌లో ఆడపడుచు ముక్కు ఎగబీల్చింది.

"చలేస్తోంది, తలుపు తియ్యి అని అంతలా బతిమాలుతున్నాడు కదా, పాపం."

"వాడు నోరే విప్పలేదు కదే. తలుపు కొట్టాడంతే."

"ఇప్పుడు కూడా అంటున్నాడు. నీ టీవీలోంచే వినిపిస్తోంది."

"టీవీ ఇందాకే కట్టేశాను."

 ఆడపడుచు చిన్నపిల్లలా ఏడుస్తూ అంది. "తియ్యి వదినా. అది మా అన్నయ్య గొంతు."

దర్జీ ఆవిడకు ఏ గొంతూ వినిపించడం లేదు. అయినా లేచి వెళ్లి గడియ మీద చెయ్యి వేసింది. ఇనుము మంచులా ఉంది. తీయడానికి వేసిందో, తీయకుండా పట్టుకోవడానికి వేసిందో ఆమెకే తెలియలేదు.