చదివినంతవరకు

రోడ్డు వెడల్పు చేస్తారని, సరిహద్దు ఊరైన కోంటా బజారులో పడమటి వరస కొట్లన్నీ పడగొడతారని పుకారు లేచిన పొద్దున, రామసుబ్బమ్మ ఇడ్లీ పాత్రను పొయ్యి మీదే వదిలేసి కాశీవిశ్వనాథం కిరాణా కొట్టుకు పరుగెత్తింది. వరసలో ఆమెది చివరి హోటలు. మొగుడు పోయాక ఆ నాలుగు బల్లలే ఆమెకు అన్నం పెడుతున్నాయి.

"అన్నా, రోడ్డు ముచ్చట పేపర్ల వచ్చిందా?"

"నేను చదివినంతవరకు రాలే," అన్నాడు కాశీవిశ్వనాథం తాపీగా పప్పు తూస్తూ.

ఆమె గుండె కుదుటపడింది. ఆమె వెళ్లి చెప్పాక వరసంతా కుదుటపడింది.

పేపరు విషయంలో ఆయన మాటకు తిరుగులేదు మరి. జగదల్‌పూర్ బస్సులో రోజూ ఆయన పేరు మీద హిందీ పేపరు దిగుతుంది. ఒకప్పుడు అది రామసుబ్బమ్మ హోటల్లో బల్లబల్లకూ తిరిగి, సాయంత్రానికి చట్నీ మరకలతో ఇల్లు చేరేది. ఒక ఉగాదినాడు ఆయనకు జ్ఞానోదయమైంది. నోట్లోకి పోయేదానికి పథ్యం ఉన్నప్పుడు కళ్లలోకి, చెవుల్లోకి పోయేదానికి ఎందుకుండకూడదన్నాడు. ఆ రోజే టీవీ మీద దుప్పటి కప్పేశాడు. ఫోనన్నది మాట్లాడ్డానికే గాని చూడ్డానికి కాదన్నాడు. ఇకమీదట పేపరొక్కటే. అదీ పైపైన కాదు. టెండర్లు, తప్పిపోయినవాళ్ల ప్రకటనలతో సహా, అర్థం కాని మాట అర్థమయ్యేదాకా, అక్షరం వదలకుండా చదవాలని నియమం పెట్టుకున్నాడు. మడత నలుగుతుందని ఇంకొకరి చేతికివ్వడం మానేశాడు.

నియమం పెట్టుకున్నవాడు తన మానాన తనుంటే బాగుండేది. ఫోను చూసి నవ్వే ప్రతివాడినీ ఆపి, ఇవాళ నువ్వు చూసినదాంట్లో రేపటికి మిగిలేదేమిటని నిలదీసేవాడు. చింతపండు అమ్ముకోను వచ్చిన కోయ పిల్ల హుంగే ఫోన్లో ఏదో పెళ్లి డాన్సు చూస్తుంటే, తూకం ఆపి మరీ నీతి బోధించాడు. హుంగేకు తెలుగు సగమే అర్థమవుతుంది. ఆ సగమూ విననట్టే నవ్వుతూ డాన్సు చివరిదాకా చూసింది.

చెప్పేవాడికి వినేవాడు లోకువ. రామసుబ్బమ్మకు ఆయన నీతులు వింటే ఒళ్లు మండేది. పైగా ఆ చదువు పండిన జాడ ఎక్కడా కనపడదు. ఒకసారి వానలు దంచుతాయని పేపర్లో ఉందన్నాడు. ఆమె నడుం విరిగేలా కట్టెలన్నీ లోపలికి మోసుకుంది. ఒక్క చినుకు రాలితే ఒట్టు. ఇంకోసారి కందిపప్పు ధర మండిపోతుందన్నాడు. మూట కొని దాచుకుంది. వారం తిరక్కుండా ధర దిగింది. అడిగితే, పేపర్లో ఉన్నది చెప్పాను, మబ్బుకూ మార్కెట్టుకూ నేను చెప్పగలనా అన్నాడు. అయినా మళ్లీ ఆయన్నే అడిగేది. చదివేవాడొకడుంటే మిగతావాళ్లకు చదవకుండా ఉండడం ఎంత సుఖమో ఆ వరసలో తెలియనివాళ్లు లేరు.

పుకారు మాత్రం చావలేదు. ఎర్రబోరు రూట్లో జీపు నడిపే మంగు ఒక మధ్యాహ్నం ఫోను పట్టుకొచ్చాడు. రోడ్డువాళ్ల నోటీసట, దాని ఫోటో అందరి ఫోన్లలో తిరుగుతోందట. అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో సుక్మా జిల్లా ఆఫీసుకు వెళ్లి రాసివ్వాలట, ఆ తర్వాత ఎవరి మాటా వినరట. రేపు పొద్దున బస్సుకే పోదామని వరసలో నలుగురు లేచారు కూడా.

కాశీవిశ్వనాథం ఆ ఫోను వంక కన్నెత్తి చూడలేదు.

"ఫోన్ల బొమ్మలు ఎవడైనా చేస్తడు. నోటీసంటే పేపర్ల రావాలె. నేను చదివినంతవరకు రాలే. గీ పిచ్చి బొమ్మను నమ్ముకోని బస్సు కిరాయి తగలేస్తరా?"

లేచిన నలుగురూ కూర్చున్నారు. రామసుబ్బమ్మ కూడా పెట్టెలోంచి తీసిన మంచి చీరను మళ్లీ పెట్టెలో పెట్టేసింది.

మరుసటి నెల జేసీబీ వచ్చింది. వెంట రోడ్డు ఆఫీసు సాహబు, ఇద్దరు పోలీసులు. సామాను తీసుకోవడానికి మధ్యాహ్నం దాకా టైమిచ్చారు. ముందు పడేది కాశీవిశ్వనాథం కొట్టే. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని జేసీబీకి ఎదురుగా నిలబడ్డాడు. నోటీసు లేకుండా ఎట్లా పడగొడతారని, తాను పేపర్లో అక్షరం వదిలేవాణ్ని కానని హిందీలో దంచేశాడు. రామసుబ్బమ్మకు మొట్టమొదటిసారి ఆయన మీద గౌరవం కలిగింది.

సాహబు వాదించలేదు. ఫైల్లోంచి పేపరు తీసి చూపించాడు. అదే పేపరు, రోజూ ఆయన పేరు మీద బస్సులో దిగేదే. అందులో ఉన్నది మంగు ఫోన్లో చూపించిన నోటీసే. గడువు ఎప్పుడో దాటిపోయింది.

వరసంతా ఆయన మొహం చూసింది.

"నేను చదివినంతవరకు..." అని ఆయన అక్కడే ఆగిపోయాడు.

రామసుబ్బమ్మ చేతిలో గరిట అలాగే ఉంది. ఆయన్ని పక్కకు తోసి, కొట్టు వెనక ఇంట్లోకి నడిచింది. ఆయన భార్య మహాలక్ష్మి వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. ఆ తారీకు పేపరు చేతికియ్యి, అబద్ధమాడింది సాహబో మీ ఆయనో ఇప్పుడే తేలాలని రామసుబ్బమ్మ నిలబడింది.

మహాలక్ష్మి చెయ్యి తుడుచుకుని వెనక గది తలుపు తెరిచింది. లోపల మంచం లేదు, పెట్టెలు లేవు. నేల నుంచి పైకప్పు రేకుల దాకా మడత విప్పని పేపర్లే ఉన్నాయి.

"ఒకటి చదువుడు ఒడవంది ఇంకోటి ముట్టడు వదినా, మీ అన్న ఇంకా ముందటేటి హోలీ పేపరు కాడనే ఉన్నడు."